శిశుమరణ కారణ విచారము

గర్భమునందే మరణించి పుట్టిన శిశువునకు మన యిండ్లలో పేరుండదు. దాని మరణమునకు కారణమును ఉండదు. ఋణము తీరినదని పెద్దలొక మాట చెప్పి తల్లిని ఊరడింతురు. పుట్టి నాలుగుదినములు బ్రతికిపోయిన బిడ్డకు కారణము చెప్పుదురు గాని, అది బాలగ్రహమో, పక్షిదోషమో, తల్లి జాతకమో యగును. ఈ మాటలు దుఃఖమును చల్లార్చుటకై పుట్టినవని కొందఱందురు. కావచ్చును. కాని యవి విచారణనుకూడ చల్లార్చుచున్నవి.

ధనుర్వాతము సంగతి చూడుడు. పుట్టిన వారమునకే దవడలు బిగిసి, పాలు త్రాగలేక, ఒడలు విల్లువలె వంగి చనిపోయిన పసికందు లెందఱో! అది గ్రహమని నమ్మినంతకాలము తాయెత్తులు కట్టిరేకాని, బొడ్డు కోసిన కొడవలిని శంకించినవారు లేరు. బొడ్డుగాయమున జొచ్చిన సూక్ష్మజీవియే కారణమని తేలినపిదప, గర్భిణికి టీకాయు, శుభ్రమైన చేతులును, క్రొత్త బ్లేడును గ్రహశాంతులు చేయలేని పనిని చేసినవి. పసిబిడ్డల ధనుర్వాతము ప్రతి జిల్లాలోను వేయి జననములకు ఒకటికంటె తక్కువకు దిగినందున, 2015లో భారతదేశము దానిని నిర్మూలించినట్లు ప్రకటింపబడెను.

మరణకారణములను వర్గీకరించుట వైద్యుల లెక్కలపనియే యని పాఠకులు తలంపవచ్చును. మేమట్లు తలంపము. ఏ గడిలో వ్రాయుదుమో ఆ గడివంకనే మన చూపు పోవును. 1954లో స్కాట్లండునందలి అబర్డీను పట్టణమున బెయిర్డు పండితుడును ఆయన సహచరులును తల్లి స్థితినిబట్టి శిశుమరణములను విభజించిరి. 1980లో విగ్గిల్స్‌వర్తు బిడ్డ దేహలక్షణములను ముఖ్యముగా గొని అయిదు వర్గము లేర్పఱచెను. ఇది సులభమైనది, పెక్కుదేశములందు వాడుకకు వచ్చినది. అయినను, అవయవలోప మేమియు లేక గర్భముననే నశించిన శిశువునుగూర్చి అది పలుకునది స్వల్పము. 2005లో బర్మింగుహాము వైద్యులు రెండువేల అయిదువందలకు పైబడిన మృతజననములను పరిశీలింపగా, విగ్గిల్స్‌వర్తు పద్ధతిని కారణము తెలియనివి నూటికి 66 వంతులుండెను. మరణసమయమున గర్భమునందును, మావియందును, తల్లియందును ఏ లోపముండెనని యడిగిన క్రొత్త పద్ధతిలో అవి 15 వంతులకు దిగినవి. బిడ్డలు వారే, ప్రశ్న మాఱినది.

ఇందొక యాక్షేపణ కలదు, అది త్రోసిపుచ్చదగినది కాదు. "గర్భమున ఎదుగుదల లేదు" అనుట కారణమా, లేక గ్రహమునకు బదులు తెచ్చిన మఱియొక పేరా? ఆ యెదుగుదల యేల ఆగెనో ఆ పేరు చెప్పదు. ఇది నిజమే. కాని గ్రహమును కొలువలేము, ఎదుగుదలను కొలువవచ్చును. నెలనెలకు కడుపు కొలిచి, రక్తపుపోటు చూచి, సమయమున ప్రసవము చేయించినచో కొందఱు బిడ్డలు దక్కుదురు. ఆ భేదము మాకు చాలును.

ప్రపంచారోగ్యసంస్థ 2016లో ప్రకటించిన పద్ధతి, మరణము నొప్పులకు ముందా, నొప్పులలోనా, పుట్టినతరువాతనా యని మొదట అడిగి, బిడ్డ కారణముతో తల్లి స్థితినికూడ జతపఱచి వ్రాయుమనుచున్నది. తల్లి స్థితి యనగా తల్లి దోషము కాదు. ఈ రెంటిని కలిపివేయుటకు మన అత్తవారిండ్లు మిక్కిలి యాతురపడును గనుక ఇది నొక్కి చెప్పవలసియున్నది.

లోకమున మృతజననములలో నూటికి నలువదికి పైగా నొప్పులు మొదలైనపిదపనే జరుగుచున్నవి. అనగా ఆ బిడ్డలు ప్రసవమునకు ప్రాణముతోనే వచ్చినవారు. పుస్తకమున "ఊపిరాడలేదు" అని వ్రాయుదురు. బండి రాత్రియంతయు రాలేదనియు, శస్త్రము చేయు వైద్యుడు లేడనియు, అడ్డుకాన్పని తెలిసియు గంటలు జాగుచేసిరనియు వ్రాయుటకు గడి యెక్కడ? గడి యున్నను, కలము ఎవరి చేతిలో నున్నది? జాగుచేసినవాడే కారణము వ్రాయువాడైనపుడు, శిక్షకు వెఱచి ఏదో యొక మాట వ్రాయును. దండనకై కాక నేర్చుకొనుటకై మరణములను విచారించు సభలు ఆసుపత్రులలో నుండవలెననుట ఇందుకొఱకే.

మఱల గర్భము ధరించిన తల్లి, మొదటి బిడ్డ యేల పోయెనని యడుగును. ఆమె చేతి కాగితములో మృతజననమని మాత్రమే యుండును.