నడుమ పచ్చి

హన్మకొండ చౌరస్తా నుంచి బస్టాండుకు పోయే తోవలో ఒక చిన్న హోటల్ ఉండేది. బోర్డు మీద పేరు ఎప్పుడో వెలిసిపోయింది. ఆ పేరుతో ఎవరూ పిలవరు కనుక మళ్లీ రాయించలేదు. అక్క హోటల్ అంటే అందరికీ తెలుసు. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, పచ్చిపులుసు. సాయంత్రం నాలుగు దాటాక సర్వపిండి. జనం ఎగబడేది దానికోసమే.

సర్వపిండి తొందర ఎరగని వంట. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం వేసి కలపాలి. ఆ ముద్దను చల్లటి సర్వ అనే లోతు గిన్నె లోపల అడుగుకూ అంచులకూ పల్చగా అద్దాలి. వేలితో అక్కడక్కడ బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నటి మంట మీద వదిలేయాలి. ఒకటి దిగాక సర్వ చల్లారితే గాని రెండోది అద్దడం కుదరదు. అందుకే అక్క నాలుగు సర్వలు పెట్టుకుంది. ఒకటి పొయ్యి మీద ఉంటే మిగతావి చల్లారుతుండేవి.

ఓరుగల్లు చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చిన 2025 ఎండాకాలంలో అక్క హోటల్‌కు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. నిలబడి తినేవాళ్లు, పొట్లాలు కట్టించుకునేవాళ్లు, అవతల బస్సు హారన్ కొడుతోందని కేకలేసేవాళ్లు. సర్వ చల్లారేదాకా ఆగే వీలు లేకపోయింది. వేడి సర్వలో పిండి అద్దితే వేళ్లు చురుక్కుమంటాయి. నాలుగు తట్లు తట్టి చెయ్యి తీసేస్తే అడుగున మందం అట్లనే మిగిలిపోతుంది. పైగా అక్క మంట పెంచింది. అంచు ఎర్రగా కాలి కరకరలాడేది, నడుమ పిండి పిండిగా పళ్లకు అంటుకునేది.

ఆ హోటల్‌కు రోజూ వచ్చేవాళ్లలో ఒక కాలేజీ సారు ఉన్నాడు. “ఎట్లున్నది సారూ?” అని అక్క అడిగితే, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే “నీ చేతిది తిన్నంక ఓరుగల్లుల ఇంకోటి నోటికి పోదక్కా” అనేవాడు. అంచులు తిని, నడుమది పళ్లెంలో వదిలి, చెయ్యి కడుక్కునేవాడు. రెక్కలు ముక్కలు చేసుకుంటున్న ఆడమనిషి మనసు నొప్పించడం ఎందుకని ఆయన ఆలోచన.

ఇంకొకాయన ఏదో ఆఫీసులో గుమాస్తా. అక్క అడిగితే తల ఊపేవాడు. నయీంనగర్ చాయ్ కొట్టు దగ్గర మాత్రం నోరు విప్పేవాడు. “అక్క హోటల్ పనైపోయింది. నాలుగు పైసలు వచ్చేసరికి చెయ్యి మారింది” అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. విన్నవాళ్లలో కొందరు అటు పోవడం మానేశారు. అక్క చెవిన మాత్రం ఆ మాట పడలేదు.

ఒక సాయంత్రం ములుగు వైపు నుంచి వచ్చిన మిర్చి రైతు ఒకతను, ఎనుమాముల మార్కెట్లో బస్తాలు అమ్ముకుని, బస్సుకు ఇంకా టైముందని హోటల్లోకి వచ్చాడు. మెల్లగా, మొత్తం తిన్నాడు. లేచి గల్లాపెట్టె దగ్గరికి వచ్చి అడిగాడు.

“అక్కా, ఒక మాట చెప్పాల్నా?”

“చెప్పు.”

“అంచు మంచిగ కాలింది. పల్లీలు, నువ్వులు సక్కగ పడ్డయి. నడుమ మటుకు పచ్చి ఉన్నది. మందమైంది, లోపటిదాక కాలలే.”

అక్క ముఖం మాడిపోయింది. “ఇంతమంది తింటున్నరు, ఒక్కరు అనలే. నీకొక్కనికే పచ్చిగ తగిలిందా? పైసలియ్యబుద్ధి కాకపోతే అట్ల చెప్పు.”

రైతు పూర్తి డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.

“పైసల కోసం కాదక్కా. నేను చపాట పండిస్త. చూపుకు నిగనిగ ఎర్రగుంటది గని కారం తక్కువ. కొనేటోనికి ఆ మాట ముందుగాల్నే చెప్త. చెప్పకుంటే ఒక్కపారి కొంటడు. చెప్తే ఏడాదేడాది నా బస్తాల కాడికే వస్తడు. నీ కాడ మల్ల తినాలని ఉన్నది, గందుకే చెప్పిన.”

అతను పోయాక అక్కకు పని మీద మనసు నిలవలేదు. వెనక గిన్నెలు తోమే చోటికి పోయింది. ఎంగిలి బకెట్ నిండా సర్వపిండి నడిమి ముక్కలే కనిపించాయి. గుండ్రంగా, తెల్లగా, కొరికి వదిలేసినవి.

“ఎన్నొద్దుల సంది ఇట్ల?” అని అడిగింది.

“నెల దాటింది” అన్నది గిన్నెలు తోమే ముసలమ్మ.

“మరి నాకు చెప్పొద్దా?”

“నువ్వు తినేటోళ్లను అడుగుతున్నవు బిడ్డా. నన్నెన్నడన్న అడిగినవా?”

మర్నాడు అక్క ఇంకో నాలుగు సర్వలు కొనుక్కొచ్చింది. మంట తగ్గించింది. సర్వ చల్లారందే పిండి ముట్టుకోనని పనివాళ్లకు చెప్పేసింది. ఆలస్యమవుతుందని కొందరు విసుక్కుని వెళ్లిపోయారు. కొన్ని రోజులు గల్లాపెట్టె తేలికైంది. ఎంగిలి బకెట్ కూడా తేలికైంది.

మిర్చి అమ్మకాలు ముగిసేలోపు ఆ రైతు మళ్లీ వచ్చాడు. తిన్నాడు. “ఇయ్యాల నడుమ కాలింది. మస్తున్నది. ఉప్పే జర తక్కువైంది” అన్నాడు. అక్క నవ్వి, తర్వాతి ముద్దలో ఉప్పు కలిపింది.

అదే సాయంత్రం కాలేజీ సారు కూడా వచ్చాడు. అడగకముందే “నీ చేతిది తిన్నంక ఓరుగల్లుల ఇంకోటి నోటికి పోదక్కా” అన్నాడు. అక్క ఆయన పళ్లెం వైపు చూసింది. తుడిచినట్టుంది.

“పచ్చిగున్ననాడు గదే మాట, కాలిననాడు గదే మాట. సారూ, నీ నోటికన్న నీ పళ్లెమే నయం” అన్నది.

నీతి: బాగాలేనప్పుడు బాగాలేదని చెప్పే నోటి నుంచి వచ్చిన ‘బాగుంది’కే విలువ.

సారు చెడ్డవాడు కాడు. ఆయనది మొహమాటం. కానీ మొహమాటపు మెప్పు వండేవారి చేతిలోంచి సరిదిద్దుకునే అవకాశాన్ని లాగేసుకుంటుంది. గుమాస్తా చెప్పింది అబద్ధమేమీ కాదు, అయితే దిద్దగలిగిన మనిషికి తప్ప అందరికీ చెప్పాడు. దానివల్ల హోటల్‌కు గిరాకీ తగ్గిందే తప్ప సర్వపిండి బాగుపడలేదు. రైతు ఎదుటే చెప్పాడు. కుదిరింది ముందు చెప్పి, కుదరనిది ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. తప్పు పిండిలో వెతికాడు, అక్క గుణంలో వెతకలేదు. తిన్నదానికి పూర్తిగా డబ్బులిచ్చాడు. మళ్లీ వచ్చి, మారినదాన్ని మారిందని ఒప్పుకున్నాడు. ఈ చివరిది మనం తరచూ మరిచిపోతాం. చిన్న హోటల్లో ఒకనాడు వంటమనిషి రాకపోవచ్చు, గ్యాస్ అయిపోవచ్చు. ఒక్క పూట తిని తీర్పు చెప్పడం కూడా నిజాయితీ అనిపించుకోదు.

ఓరుగల్లులో బయట తిన్న తిండి గురించి ఉన్నదున్నట్టు చెప్పడం కొత్త సంగతేమీ కాదు. వినుకొండ వల్లభరాయని పేరుతో ఉన్న ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు కాకతీయుల కాలపు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అందులో లక్ష్మణవజ్ఝల ఇంటి పూటకూటి భోజనం వస్తుంది. కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, పెరుగు, ఇవన్నీ ఒక్క రూకకు. ఎవరింట్లో, ఏమేం పెడతారు, ఎంత తీసుకుంటారు అన్నది అంతా ఒక్క పద్యంలో ఉంది. ఊరికే ‘అమృతం’ అని రాసి ఉంటే అది ఏ ఊరి ఏ ఇంటికైనా సరిపోయేది. వివరం ఉంది కనుకే కొన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ విస్తరిని మనం నమ్ముతున్నాం.

హోటల్ నడిపేవారికీ ఈ కథలో ఒక మాట ఉంది. ఎట్లున్నదని గిరాకీని అడిగి ఊరుకోవద్దు, గిన్నెలు తోమే మనిషిని కూడా అడగాలి. ఇక తినేవారు, ‘బాగుంది’ అని లేచిపోయే ముందు, ఏది బాగుందో ఏది కుదరలేదో వండిన మనిషికి ఒక్క ముక్కలో చెప్పిపోతే చాలు.