ఇల్లు కొనేవాడి బాధ్యత

ఇల్లు అమ్మేవాడు లోపాలు దాచకూడదని మనమందరం చెబుతాం. మరి కొనేవాడి బాధ్యత ఏమిటి?

కొన్నేళ్ళ క్రితం మేము ఒక ఇల్లు చూశాం. ఇంటాయనకు ఆసుపత్రి ఖర్చులకు డబ్బు అత్యవసరమని మధ్యవర్తి మా చెవిన వేశాడు. "పది రోజులు ఊరుకోండి మౌల్వీ సాబ్, ఆయనే రెండు లక్షలు తగ్గి వస్తాడు" అన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ మాట మాకు నచ్చింది. మిగిలే సొమ్ముతో స్లాబు మరమ్మతు చేయించవచ్చని ఆ రాత్రి లెక్క కూడా వేసుకున్నాం.

బేరమాడటం తప్పు కాదు. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ జాబిర్ (రజి) ఒంటెను బేరమాడి కొన్నారు. మదీనా చేరాక పూర్తి ధర చెల్లించి, ఒంటెను కూడా ఆయనకే తిరిగి ఇచ్చేశారు. అయితే మంచి గోడకు చెమ్మ అంటగట్టడం, లేని మరో ఇంటిని చూపి బెదిరించడం అబద్ధాలే. ఒకరి బేరం కుదిరాక మధ్యలో దూరడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు.

బుఖారీ గ్రంథంలో ఇంటి బేరమే ఒకటి ఉంది. హజ్రత్ అబూ రాఫె (రజి) తన రెండు గదుల్ని పొరుగువారైన హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు అమ్మజూపారు. వాయిదాల మీద నాలుగు వేలకు మించి ఇవ్వలేనని సఅద్ చెప్పారు. తనకు వేరేచోట 500 దీనార్లు వస్తున్నాయని అబూ రాఫె తెలిపారు. అయినా పొరుగువాడికే ముందు హక్కు ఉందన్న ప్రవక్త (స) బోధను తలచి ఆ తక్కువ ధరకే ఇచ్చారు. ఇక్కడ కొనేవారు తమ పరిమితి చెప్పారేగానీ ఇంటికి వంక పెట్టలేదు.

హజ్రత్ జరీర్ (రజి) విషయం ఇంకా గొప్పది. సేవకుడు 300కు బేరం కుదిర్చిన గుర్రం అంతకన్నా విలువైనదని గుర్తించి, ఆయనే ధర పెంచుతూ 800 ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని ప్రవక్త (స)కు చేసిన ప్రమాణం ఆయనను అలా నడిపించింది.

"మేమూ పేదవాళ్ళమే కదా" అని కొందరు అనవచ్చు. స్తోమతకు మించి ఇవ్వమని ధర్మం చెప్పదు. కానీ వ్యాపారం పరస్పర అంగీకారంతో జరగాలని దివ్యఖుర్‌ఆన్ (4:29) ఆదేశిస్తోంది. ఆపదలో ఉన్నవాడు తల ఊపితే, కాగితం మీద అది అంగీకారమే. మనసులో ఏముందో అల్లాహ్‌కు తెలుసు. కాబట్టి కొనేవాడు తనను తాను ఒక్క ప్రశ్న వేసుకోవాలి: అతని అవసరం నాకు తెలియకపోతే ఎంత ఇచ్చేవాణ్ణి?

మేము మరునాడే వెళ్ళి ఆ ధరే చెప్పి బయానా ఇచ్చాం. స్లాబు ఇప్పటికీ వానకు కారుతూనే ఉంది. కింద గిన్నె పెట్టుకుంటాం. కానీ ఆ ఇంట్లో నమాజుకు నిలబడినప్పుడు, ఇంకొకరి కన్నీటి మీద నిలబడ్డామన్న భయం మాకు లేదు.

ఇచ్చిపుచ్చుకోవడంలో మెతకదనాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.