ఆపమనే మనిషి

2013 జూన్ 23న అమెరికాలోని అరిజోనాలో, లిటిల్ కొలరాడో నది లోయ మీద కట్టిన తీగపై నిక్ వాలెండా నడిచాడు. నడుముకు తాడు లేదు. టీవీలో లైవ్ అని అందరూ కళ్లప్పగించి చూసిన ఆ బొమ్మ నిజానికి పది సెకన్లు ఆలస్యంగా వచ్చింది. ఆయన పడితే ఆ సంగతి ముందు కంట్రోల్ రూమ్‌కి తెలియాలి, ఇళ్లలో పిల్లాపాపలతో కూర్చున్నవాళ్ల కంట పడకూడదు. అంతకు ముందు ఏడాది ఆయన నయాగరా జలపాతం దాటినప్పుడైతే, ప్రసారం చేసిన ఏబీసీ సంస్థ తాడు కట్టుకుని తీరాలని పట్టుబట్టింది. ఇష్టం లేకపోయినా కట్టుకున్నాడు. పెద్ద సంస్థల్లో ఏ కారణంతోనైనా సరే, 'కుదరదు' అనే మనిషి ఒకరుంటారు.

నా దిగులంతా చిన్న బృందాల గురించే. ఎవరో బిడ్డ ఆపరేషన్ కోసమో, ఊరి బడి కోసమో ఒక కుర్రాడు సాహసానికి పూనుకుంటాడు. ఒక స్నేహితుడు కెమెరా పట్టుకుంటాడు, ఇంకొకడు డ్రోన్ ఎగరేస్తాడు, మూడోవాడు లాప్‌టాప్ ముందు కూర్చుని సిగ్నల్ చూసుకుంటూ, కామెంట్లు చదువుతూ, విరాళాల లెక్క తెర మీద మారుస్తూ ఉంటాడు. కొంతకాలం లైవ్ ప్రసారాల పని చేసినదాన్ని కనుక ఆ ఒత్తిడి నాకు తెలుసు. వ్యూఫైండర్‌కి కన్ను ఆనించాక ఫ్రేమ్ తప్ప లోకం ఉండదు. ఫోకస్ నిలిచిందా, ఎండ మొహం మీద పడి తెల్లబారుతోందా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఇదే ధ్యాస. ఎదుటి మనిషి వేళ్లు వణుకుతుంటే క్లోజప్‌కి వెళ్లాలనే తోస్తుంది గానీ, ఆపాలని తోచదు. వాళ్లకు ప్రేమ లేక కాదు, ఆ పని మనసును అలా బిగించేస్తుంది. పైగా తెర మీద అంకె పెరుగుతూ ఉంటుంది. ఇప్పుడు ఆపితే ఆ బిడ్డకు అన్యాయం చేసినట్టేనన్న భయం అందరి గొంతుకూ అడ్డం పడుతుంది. సాహసం తన సొంతానికైతే దిగిపోవడం తేలిక. పరాయి ప్రాణం కోసమని బయల్దేరినవాడికి వెనకడుగు వేయడం చాలా కష్టం.

టెర్రీ ఫాక్స్ గుర్తొస్తాడు. క్యాన్సర్ వల్ల కుడికాలు పోగొట్టుకున్న ఈ కెనడా యువకుడు, క్యాన్సర్ పరిశోధనకు నిధుల కోసం 1980 ఏప్రిల్ 12న దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు మొదలుపెట్టాడు. కృత్రిమ కాలితో రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు. వెంట ఒక వ్యాను, దాన్ని నడిపే స్నేహితుడు, తర్వాత వచ్చి కలిసిన తమ్ముడు. మధ్యలో టెర్రీకీ ఆ స్నేహితుడికీ మాటలు లేనంత గొడవైతే తల్లిదండ్రులు విమానమెక్కి వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది. సెప్టెంబర్ 1న, థండర్ బే దగ్గర, దగ్గు, ఛాతీలో నొప్పి. రోడ్డు పొడవునా జనం, నువ్వు చివరిదాకా వెళ్తావంటూ కేకలు. ముందు ఒక కెమెరా బృందం కాచుకుని ఉంది. వాళ్లు చిత్రీకరించింది అతని ఆఖరి మైలు అని వాళ్లకు తెలియదు. ఆ జనం కోసం ఆ మైలు కూడా పరిగెత్తి, వ్యానెక్కి, ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. 5,373 కిలోమీటర్ల దగ్గర పరుగు ఆగింది.

అప్పటిదాకా వసూలైంది సుమారు 17 లక్షల డాలర్లు. అతను ఆగిపోయిన దాదాపు వారానికి సీటీవీ చానెల్ నిధుల సేకరణకు లైవ్ కార్యక్రమం పెడితే, కొన్ని గంటల్లోనే కోటికి పైగా డాలర్లు వచ్చాయి. అతను ఆసుపత్రి మంచం మీద ఉండి చూశాడు. ఆ వారం నాకు మళ్లీ మళ్లీ గుర్తుకొస్తుంది. ప్రాణం అంచున నిలబడితేనే జనం జేబులోంచి డబ్బు తీస్తారని మనం మనుషుల్ని ఎంత తక్కువగా అంచనా వేస్తున్నాం!

కనుక సాహసానికి దిగే చిన్న బృందాలను నేను కోరేవి రెండు. కెమెరా ముట్టుకోని, విరాళాల లెక్క చూడని మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి చెయ్యి ఎత్తితే అంతా ఆగిపోవాలి, ఎందుకని ఎవరూ అడగకూడదు. ఇక మధ్యలో ఆగినా ఇచ్చిన డబ్బు ఆ బిడ్డకే చేరుతుందన్న మాట, ప్రసారం మొదలు కాకముందే తెర మీద కనిపించాలి. చూసేవాళ్ల కోసం అది ఎంత అవసరమో, పైన నిలబడినవాడి కోసం అంతకంటే అవసరం.