ఎవరి చేతి కిచ్చితిరి?

"మీ పార్సెలు అందజేయబడినది" అను వార్త నా ఫోనునకు వచ్చిన సమయమున నేను తొమ్మిదవ తరగతి పిల్లలకు కర్మణి ప్రయోగమును బోధించుచుంటిని. సాయంకాలము దానిని చూచుకొని నవ్వుకొంటిని. కర్మణి ప్రయోగమున కర్త మరుగుపడుట సహజమే. తెలుగువాడు మాటలాడునపుడు ఆ ప్రయోగమును అంతగా మెచ్చకపోవుటకు అదియు నొక కారణము కావచ్చును. కాని యీ వాక్యమున కర్త మాత్రమే కాదు, సంప్రదానము సయితము లేదు. ఎవరిచ్చిరో తెలియదు, ఎవరికిచ్చిరో తెలియదు. ఇచ్చుట యనగానే పుచ్చుకొనువాడెవడని సంస్కృత వైయాకరణుడు మొదట అడుగును. పుచ్చుకొనువాడు లేక యిచ్చుట ఇచ్చుట కాదు, విడిచిపోవుట. నా నవ్వు ఇల్లు చేరువరకే నిలిచినది. గుమ్మము ముందు పార్సెలు లేదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతముల వారికి ఈ యనుభవము క్రొత్తది కాదు. 2018 సెప్టెంబరు నుండి మెట్రో రైలు మా తలలమీదుగా పోవుచున్నది. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్బీనగర్ చేరుటకు కొలది నిమిషములు చాలును. ఆ వంతెన దిగి ప్రక్క వీథిలో ఒక యిల్లు వెదకుమనుడు, అరగంట పట్టును. ఒక సందులో మూడు వసతిగృహములు, రెండు శిక్షణాలయములు, ఒకే పేరుగల రెండు అపార్టుమెంటులు. ప్లాటు నెంబరు వేరు, ఇంటి నెంబరు వేరు, ఫ్లాటు నెంబరు వేరు. 2007లో మహానగర పాలక సంస్థ యేర్పడువరకు ఎల్బీనగరును, గడ్డిఅన్నారమును వేర్వేరు పురపాలక సంఘములుగా నుండెను. ఎవరి యంకెలు వారు వేసికొనిరి. సంఘములు కలిసినవి గాని తలుపులమీది యంకెలు కలియలేదు. రోడ్డు నెంబరు రెండు ప్రక్కన రోడ్డు నెంబరు ఏడు కనబడినచో మేము ఆశ్చర్యపడము. క్రొత్తగా వచ్చినవాడు మాత్రము బండి ఆపి నిలుచుండిపోవును.

చిరునామాకు అంకెలు వేయు పని ఒకప్పుడు ఒక సంస్కృత కవి చేతిలో పడినది. 1972 ఆగస్టు 15వ తేదీన అమలులోనికి వచ్చిన ఆరంకెల పిన్‌కోడును రూపొందించిన శ్రీరామ భికాజీ వేలణకర్ తంతితపాలా శాఖ యుద్యోగి, సంస్కృతమున కావ్యములు, నాటకములు రచించినవాడు. ఒకే పేరుగల ఊళ్లు, అనేక లిపులు, అర్థముకాని చేవ్రాత గల యీ దేశమున ఉత్తరము దారితప్పకుండుటకు ఆయన చూపిన యుపాయమది. ఎల్బీనగరు 500074, సరూర్‌నగరు 500035 అని నేటికిని వ్రాయుచున్నాము. 2025లో తపాలా శాఖ వారు హైదరాబాదు ఐ.ఐ.టి., జాతీయ దూరసంవేదన కేంద్రముల సహాయముతో డిజిపిన్ అను క్రొత్త సంకేతమును తెచ్చిరి. పది యక్షరముల ఆ సంకేతము దేశములోని ప్రతి నాలుగు మీటర్ల చదరమునకును ఒక గుర్తు పెట్టును. సంతోషింపదగిన పని. కాని మా భవనమునకు ఐదంతస్తులు కలవు. క్రింది ఫ్లాటునకును, దానిపై నున్న నాలుగు ఫ్లాటులకును చదరము ఒక్కటే. యంత్రము గుమ్మము దాక తీసికొనివచ్చును. తలుపు తట్టుటకు మనిషి కావలెను, తీయుటకును మనిషి కావలెను.

ఆ దినములలో ఈ గొడవను మనసులో పెట్టుకొని మితాక్షరను తీసితిని. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన యీ వ్యాఖ్య తెలుగువారికి పరాయిది కాదు. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని పద్యములలో తెనిగించెను. అందు ఉపనిధి ప్రకరణ మొకటి కలదు. లోపల నేమున్నదో చెప్పక, పెట్టెలో పెట్టి, ముద్రవేసి యొకని చేతికిచ్చినది ఔపనిధికము. దానిని అట్లే, ముద్ర చెడకుండ, తిరిగి యీయవలెను. అట్టపెట్టెకు పసుపుపచ్చని టేపు చుట్టి పంపెడి నేటి పార్సెలునకు ఇంతకంటె చక్కని నిర్వచనము కావలెనా? అంతటితో ఆగలేదు. ఒకనికడ నుంచిన వస్తువును అతడు మరియొకని చేతికిచ్చి "యజమానికి ఇమ్ము" అనినచో అది అన్వాహితము. ఇంటి యజమాని యెదుట లేని సమయమున ఇంటివారి చేతికిచ్చి "ఆయనకు అప్పగింపుడు" అనినచో అది న్యాసము. యజమాని యెదుటనే యిచ్చినది నిక్షేపము. ఇవి దాచుకొనుటకిచ్చిన సొత్తును గూర్చిన నియమములే గాని అంగడివాడు పంపిన సరకును గూర్చినవి కావు, నిజమే. అయినను నన్ను నిలిపివేసినది ఒక చిన్న విషయము. పేరు మారినను, సందర్భము మారినను, ప్రతి నిర్వచనమునను చేయి యున్నది. ఎవని చేతికో ఇచ్చుట. చెప్పుల ప్రక్కన, మెట్లక్రింద, కరెంటు మీటరు పెట్టెమీద వస్తువును ఉంచి పోవుటకు ఆ పెద్దలు పేరే పెట్టలేదు.

తపాలా శాఖవారు ఈ చేతిని మరువలేదు. నా చిన్ననాట మా యింటికి వి.పి.పి.లో పుస్తకములు వచ్చెడివి. పోస్టుమాన్ అరుగుమీద కూర్చుండి, డబ్బు లెక్కించుకొని, మా తండ్రిచేత సంతకము పెట్టించుకొని గాని కట్ట విడిచెడివాడు కాడు. తండ్రి ఊరిలో లేకున్న చీటి యిచ్చి కట్టతోనే వెనుకకు మరలెడివాడు. చేతిని గూర్చి ఇంత పట్టుదల గల ఆ శాఖకు, వస్తువు పోయినచో పూచీ మాత్రము లేదు: ప్రత్యేకముగా ఒప్పుకొన్న మేరకు తప్ప ప్రభుత్వమునకు బాధ్యత లేదని 1898 నాటి తపాలా చట్టమే చెప్పినది. ఆ చట్టము 2024 వరకు అమలులో నుండెను. నేటి అంగళ్లవారు దీనిని తలక్రిందులు చేసిరి. వస్తువు అందలేదన్న వెంటనే పలుమారు డబ్బు తిరిగి యిచ్చెదరు. పుచ్చుకొన్న చేయి యెవరిదని మాత్రము పట్టుబట్టరు. విలువగల వస్తువులకు ఓటీపీ అడుగుదురు గాని తక్కినవానికి గుమ్మము బొమ్మ తీసికొనిన చాలును. పూర్వము చేయి యుండెను, పూచీ లేకుండెను. ఇప్పుడు పూచీ కలదు, చేయి లేదు. మనకు నష్టమేమి యందురా? నేనును అట్లే తలంచితిని.

పోయిన పార్సెలులో నున్నది మా తల్లికి తెప్పించిన రక్తపుపోటు చూచు యంత్రము, ధర పదునెనిమిదివందల ఏబది రూపాయలు. వాచ్‌మన్‌ను అడిగితిని, ప్రక్క ఫ్లాటువారిని అడిగితిని. మూడవ యంతస్తునకు పోలేదు. అచట తాళము వేసియున్నదని క్రిందనే తెలిసినది. ఆ రాత్రియే సంస్థవారికి ఫిర్యాదు వ్రాసితిని. వ్రాయుమని చూపిన గడిలో, తెచ్చిన కుర్రవాడు వస్తువునీయకయే ఇచ్చినట్లు నమోదు చేసికొన్నాడనియు, ఇట్టివారిని పనిలో నుంచుట తగదనియు ఇంగ్లీషులో వ్రాసితిని. కఠినముగా వ్రాయవలసినప్పుడు మనవారికి ఇంగ్లీషు సులువుగా వచ్చును. మూడవనాటికి నా సొమ్ము నా ఖాతాలో పడినది. న్యాయము జరిగినదని తృప్తిపడితిని.

ఐదవనాడు మూడవ యంతస్తు ఆవిడ సూర్యాపేటలో పెండ్లి చూచుకొని వచ్చి, అట్టపెట్టె చేతబట్టుకొని మెట్లెక్కి వచ్చినది. "మాస్టారూ, ఆ రోజు పాపం ఆ అబ్బాయి మీ తలుపు కొట్టి కొట్టి నిలబడ్డాడు. నేనే తీసుకున్నాను. హడావిడిలో చెప్పడం మరిచిపోయాను, ఏమనుకోకండి." నేనేమనుకొందును? ఆమె చేసినది పొరుగువారు చేయవలసిన పనియే. కూలి పుచ్చుకొనక మోయుటకు ఒప్పుకొన్న వాడైనను అజాగ్రత్తచే సరకు చెడగొట్టినచో పూచీపడవలెనని 1703లో ఇంగ్లండున, బ్రాందీ పీపాల వ్యాజ్యములో, హోల్టు ప్రధాన న్యాయమూర్తి చెప్పెను. ఊరక పుచ్చుకొన్నను జాగ్రత్త యొక్కటే యని మన 1872 నాటి కాంట్రాక్టు చట్టము 151వ విభాగమును చెప్పుచున్నది. అట్లు చూచిన ఆమె వస్తువును భద్రముగా నుంచినది, ముద్ర చెడలేదు. మాట చెప్పుట ఒక్కటియే మరచినది. ఆ పూట ఫోను తీసి చూచితిని: వార్త వచ్చుటకు ముందు తెలియని నెంబరు నుండి రెండు పిలుపులు. తరగతిలో నుండుటచే చప్పుడు ఆపియుంటిని. సాయంకాలము వానిని చూచియే వదలివేసితిని.

ఇప్పుడు నా యింట యంత్రమును ఉన్నది, దాని ధరయు ఉన్నది. తిరిగి యిచ్చివేయుదమని సంస్థవారి యాపును తెరచితిని. వస్తువు రాలేదు, పగిలినది వచ్చినది, మారినది వచ్చినది అని చెప్పుటకు మీటలున్నవి. దొరికినది అని చెప్పుటకు మీట లేదు. ఇద్దరితో మాటలాడితిని, రెండవ యామె నవ్వి "ఉంచుకోండి సార్, కేసు క్లోజ్ అయింది" అన్నది. మా పాఠశాలలోని లెక్కల పంతులుగారును అట్లే యనిరి: అంత పెద్ద సంస్థకు ఇదొక లెక్కయా? నేను సగము ఒప్పుకొంటిని కూడ. నా భార్య మాత్రము బియ్యము ఏరుచున్నది ఏరుచునే యుండి అడిగినది: "కంపెనీ సంగతి సరే. ఆ పిల్లాణ్ణి దొంగన్నారు కదా, వాడి సంగతేమిటి?"

పెద్ద సంస్థ ఎదుట మనము చిన్నవారము, కావున మన తప్పు తప్పు కాదు అనుకొనుట నేటి చదువుకొన్న గృహస్థుల క్రొత్త ధర్మశాస్త్రము. సంస్థకు ముఖము లేదు గనుక దానికి ఋణపడుటయు లేదందుము. కాని ఆ ముఖము లేని సంస్థకును మనకును నడుమ ఒక ముఖము కలదు. హెల్మెటు క్రింద చెమటతో, భుజమున మూట బరువుతో అది దినమునకు పదులకొలది తలుపులు తట్టుచున్నది. 2020–21లో ఇట్టి గిగ్ పనులు చేయువారు దేశమున 77 లక్షల మంది యుండవచ్చునని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసినది. వారిలో ననేకులకు నెలజీతము లేదు, చేర్చిన వస్తువు లెక్కన కూలి. వీరు లిఫ్టు వాడరాదని పలకలు కట్టిన అపార్టుమెంటులు ఈ నగరమున లేకపోలేదు. 2023 జనవరిలో బంజారాహిల్సులో భోజనము తెచ్చిన యువకుడొకడు ఇంటివారి కుక్క తరుమగా మూడవ యంతస్తునుండి పడి మరణించెను. ఇన్ని తలుపులు తట్టువానిని అనుమానించుట మనకు ఎంత తేలిక! ఒక్క వ్రేలు కదలిన చాలును, తగ్గించిన నక్షత్రములుగా మన కోపము వాని కూలిమీద పడును.

ఎల్బీనగరులో వారి గిడ్డంగి యెక్కడనో కనుగొని ఆదివారము ప్రొద్దున పోయితిని. అతడు దేవరకొండ ప్రాంతపు పిల్లవాడు. దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములో నుండి గ్రూపు పరీక్షలకు చదువుకొనుచున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు, ఎట్లు పట్టును, ఎన్నడును నన్ను చూడలేదు గదా. సంగతి చెప్పితిని. "రెండుసార్లు ఫోన్ చేసిన సార్, మీరెత్తలే" అనెను, అంతే. రెండు దినములు పనికి పిలువలేదట, వస్తువు ధర తన కూలిలో పట్టుకొందుమనిరట. ఆ సొమ్మును, ఆ రెండు దినముల కూలిని లెక్కగట్టి ఇచ్చితిని. దానిపైని ఇచ్చిన అయిదువందలు తిరిగి నా చేతిలో పెట్టినాడు. "గవి వద్దు సార్. మీరు దొంగతనమని రాసిన్రు కదా. కాదని గూడ రాసియ్యుండ్రి." అచటనే నిలుచుండి కాగితముమీద, ఈ పర్యాయము తెలుగున, జరిగినది జరిగినట్లు వ్రాసి సంతకము పెట్టితిని. అచటి ఇన్‌ఛార్జి దానిని చదివి, మడిచి, బల్ల సొరుగులో వేసినాడు. ఆ సొరుగునుండి అది ఎచటికైన పోయినదో లేదో నాకు తెలియదు.

పార్సెలు పోకుండుటకు ఉపాయములు ఎవరికి తెలియవు? ఫ్లాటు నెంబరుతోపాటు అంతస్తును వ్రాయుట, తెలియని నెంబరు మ్రోగినను ఆ దినమున ఫోను తీయుట, పగలు ఇంట ఎవరును లేనివారు పనిచేయు చోటికి తెప్పించుకొనుట, వస్తువు చేతికి రాకముందు ఓటీపీ యెవరికిని చెప్పకుండుట. ఇవి నాకును ముందే తెలియును. తెలిసియు చేయనిదానికి వేరొకరు కూలి పోగొట్టుకొనిరి.

మా భవనమున ఇపుడు వాచ్‌మన్ గది ప్రక్కన ఒక చెక్క అలమార, దానికి దారము కట్టిన యొక పుస్తకము ఉన్నవి. తేదీ, ఫ్లాటు, ఇచ్చినవారు, ఉంచుకొన్నవారు, తీసికొన్నవారు అని గీతలు గీసి యిచ్చితిని. వాచ్‌మన్‌కు చదువు రాదు. ఏడవ తరగతి చదువు వాని కూతురు సాయంకాలము వచ్చి తండ్రి చెప్పినవి గుండ్రని యక్షరములతో వ్రాయును. మొదటి వారమున మూడవ యంతస్తు ఆవిడ తన పార్సెలును ఆ పూటయే సంతకము చేసి తీసికొనిపోయినది. నా పేరునకు ఎదుట నున్న చివరి గడి మూడు దినములు ఖాళీగా నుండినది. నాలుగవనాడు ఆ పిల్ల పుస్తకము పట్టుకొని మా తలుపు తట్టినది.