చెరలో వేసిన కూరతోట

వాక్యభాగములు: యిర్మీయా 29:4-7, 1 రాజులు 21:1-16



మాసి నెల దాటి పంగుని వచ్చేసరికి కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల నల్లరేగడి నేల నెఱ్ఱెలు విచ్చడం మొదలుపెడుతుంది. ఐప్పసి, కార్తీక మాసాలలో ఈశాన్య ఋతుపవనం తెచ్చే వానలే ఈ కరిసల్ భూమికి ముఖ్య ఆధారం. మే నెలలో కత్తిరి ఎండలు సరేసరి. ఇటువంటి రోజులలో పెరటి కూరగాయల గూర్చి ప్రసంగమేమిటని కొందరు నవ్వవచ్చును. అయితే తోటలు నాటుకొనుడని దేవుడే తన ప్రజలకు ఒక ఉత్తరములో సెలవిచ్చియున్నాడు.

క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుండి రాజును, పెద్దలను, పనివారిని బబులోనుకు చెరగొనిపోయెను. ఆ చెరలోనివారి హృదయమంతయు తిరుగు ప్రయాణము మీదనే ఉండెను. హనన్యా అను ప్రవక్త రెండు సంవత్సరములలోనే అంతా చక్కబడునని చెప్పెను. యిర్మీయా మాత్రము డెబ్బది సంవత్సరములని వ్రాసెను. ఇండ్లు కట్టుకొని కాపురముండుడి, తోటలు నాటి వాటి ఫలము అనుభవించుడి, మీరున్న పట్టణము క్షేమము కోరి దాని కొరకు ప్రార్థించుడి అన్నదే ఆ ఉత్తరపు సారాంశము. వినుటకు హనన్యా మాట తీయగా ఉండెను గాని, నిజము యిర్మీయా మాటలో ఉండెను.

ప్రియులారా, మేమును ఎంతో కాలము హనన్యా మాటనే నమ్మితిమి. ఈ ఊరు వచ్చిన కొత్తలో, “ఇది మన ఊరు కాదు గదా, రేపో మాపో వెళ్లిపోతాము” అనుకొని పెరట్లో ఒక మునగకొమ్మ కూడా గుచ్చలేదు. పొరుగువారి పేరు అడగలేదు. పిల్లలు ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే పెండ్లిండ్లు చేసికొనిరి. మేము మాత్రము కట్టిన మూటలు విప్పనివారమై యుంటిమి. ఇది భక్తి కాదు, కృతజ్ఞత లేకపోవడం.

మనకంటే ముందుగా ఈ నేలకు వచ్చిన తెలుగువారిని చూడండి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టి 2021లో కన్నుమూసిన కి. రాజనారాయణన్ గారి ఇంటిభాష తెలుగు, వ్రాసినది తమిళము. 1976లో వచ్చిన ఆయన ‘గోపల్ల గ్రామం’ నవల, తెలుగు కుటుంబాలు దక్షిణానికి వలస వచ్చి, అడవి కొట్టి ఈ కరిసల్ నేలను సేద్యానికి తెచ్చిన కథ. వారు భాష విడిచిపెట్టలేదు, నేలనూ పరాయిదిగా చూడలేదు.

ఇక పెరటి సంగతి. రేగడి నేలలో నీరు ఎక్కువైతే వేరు కుళ్లును, ఆరిపోతే నెఱ్ఱె విచ్చి వేరు తెగును. కాబట్టి మాగిన పశువుల ఎరువు, కొంచెము ఇసుక కలిపి చిన్న మడి చేసికొనండి. గోరుచిక్కుడు ఎండకు బాగా ఓర్చును. బెండ విత్తనము అడుగు దూరములో పెట్టినయెడల సుమారు 45 దినములకు కాయ వచ్చును. తోటకూర నెలలోపే కోతకు వచ్చును. కాకర, సొర తీగెలకు పందిరి వేయండి. మొక్కల మొదళ్లలో ఎండుటాకులో, వేరుశెనగ పొట్టో పరచినయెడల తడి నిలుచును. మెరుగు పూయని మట్టికుండను మెడవరకు పాతి నీళ్లు నింపితే, అది ఊరుచు వేళ్లను తడుపును. బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారినచో జాలిపడక ఆ మొక్కను పీకివేయండి. తెల్లదోమ ఆ తెగులును తక్కిన మొక్కలకు అంటించును. పాపము విషయములోను ఇంతే.

ఇప్పుడు సిగ్గుతో ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఒక వేసవిలో మా పెరడు పచ్చగా ఉండెను, చూచినవారందరు మెచ్చుకొనిరి. కుళాయికి మోటారు బిగించి నీళ్లు లాగుచుంటిమి గనుక అది పచ్చగా ఉండెను. ఒకనాటి సాయంకాలము వీధి చివరి ఇంటి ముసలమ్మ ఖాళీ బిందెతో వచ్చి గుమ్మములో నిలిచి, “అయ్యా, మీ చెట్లు బాగున్నాయి. మా బిందెకే నీళ్లు లేవు” అనెను. ఆమె కోపపడలేదు. ఆమె కోపపడియుంటే మాకు సులువుగా ఉండెడిది.

ఆ రాత్రి మాకు అహాబు జ్ఞాపకము వచ్చెను. అతడు నాబోతు ద్రాక్షతోటను అడిగినది దేనికి? కూరతోట వేసికొనుటకే! కూరతోట అడుగుట పాపము కాదు. అయితే పొరుగువాని స్వాస్థ్యము మీద కన్ను వేయుట చివరకు నాబోతు ప్రాణము తీసెను. మేము రాళ్లతో ఎవరిని కొట్టలేదు గాని, ఆ ముసలమ్మ బిందెలోని నీటిని మా బెండమొక్కలకు పోసితిమి. మరునాడు మోటారు విప్పి, ఆమె యింటికి వెళ్లి క్షమించుమని అడిగితిమి. ఆ యేడు సగము మడి ఎండిపోయెను. ఎండిన ఆ మడి మాకు పచ్చటి మడికంటె ఎక్కువ నేర్పెను.

ఇప్పుడు బియ్యము, కూరలు కడిగిన నీళ్లే మొక్కలకు పోయుచున్నాము. 2003లో తమిళనాడు ప్రభుత్వము కట్టడాలకు వాననీటి సేకరణను తప్పనిసరి చేసెను. మన ఇండ్లలోను, ఆలయములలోను ఆ గొట్టాలు పనిచేయుచున్నవో లేదో వానలకు ముందే చూడండి.

మన బాప్తిస్టు పితరులు కరువును ఎరిగినవారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకము పనిని ఒప్పుకొని, ఆకలిగొన్నవారికి పని చూపించిరి. ఆయన సువార్తతోపాటు పలుగు పారలను కూడా వారి చేతికిచ్చెను. మనము పొరుగువాని దాహమును మరచి ప్రార్థించినయెడల ఆ స్వాస్థ్యమునకు తగినవారము కాము.

కాబట్టి, ప్రియులారా, ఈ వేసవిలో ఒక చిన్న మడియైనను వేయండి. మొదటి కోతలో ఒక పిడికెడు ప్రక్కింటివారికి ఇవ్వండి, వారి పేరు అడగండి, ఆ రాత్రి ఆ పేరుతో ప్రార్థించండి. ఈ పట్టణపు క్షేమములోనే మన క్షేమము ఉన్నది.

పరదేశములో నున్న తన ప్రజలను మరువని దేవుడు మన చేతిపనిని, మన పొరుగువారి బిందెను నింపును గాక. ఆమేన్.