ముదిమి కిచ్చిన మాట

ముప్పదియేండ్లు మన యింట వంటచేసిన ముసలమ్మ చేతులు వణకి పని మానుకొన్న దినమున, ఆమెకు మనమిచ్చు చీరయు, నాలుగు రూకలును దానమా, ఋణమా? ఈ ప్రశ్న నడిగినచో మనలో ననేకులు దయతో నిచ్చుచున్నామనియే బదులు చెప్పుదురు. ఆమె యౌవనమున తక్కువ జీతమిచ్చి మనము మిగుల్చుకొన్న దానిలో కొంత యిప్పుడు తిరిగి యిచ్చుచున్నామని చెప్పువా రరుదు. పింఛనును గూర్చిన వివాదములన్నియు నీ రెండు ప్రత్యుత్తరముల నడుమనే పుట్టుచున్నవని మా తలంపు. లెక్క లెరిగిన విద్వాంసులు వసించు విశ్వవిద్యాలయములలో సైతము ఈ ప్రశ్న తేలక, అధ్యాపకులు పాఠములు మాని వీధిలో నిలువవలసివచ్చిన వృత్తాంతమొకటి చదువరుల ముందుంచ దలచితిమి.

బ్రిటనుదేశమున ప్రాత విశ్వవిద్యాలయముల యుద్యోగులకై 1974లో నొక పింఛను నిధి యేర్పడెను. యు.ఎస్.ఎస్. అని దాని వాడుక పేరు. ఉద్యోగియు, యజమానియైన విద్యాలయమును చందాలు చెల్లించుచుండగా, పదవి విరమించిన పిదప నుద్యోగికి మరణపర్యంతము పింఛను లభించును. గతించినవారి భార్యకో భర్తకో అందులో సగము చెల్లును. మొదట పింఛను కట్టకడపటి జీతముపై నాధారపడియుండెను. 2011 నుండి క్రొత్తగా చేరినవారికిని, 2016 నుండి ఎల్లరకును ఆ పద్ధతి తొలగి, కొలువు కాలమంతటి జీతములను బట్టి పింఛను నిర్ణయించు పద్ధతి వచ్చెను. 2017 నవంబరులో యజమానుల సంఘము మరియొక యడుగు ముందుకు వేసి, ఇకమీదట నిశ్చితమైన పింఛనను మాటయే వలదనియు, ఎవరి చందా వారి పేర కూడబెట్టి, మార్కెట్టున నది యెంత పెరిగిన నంతయే వారికి దక్కవలెననియు ప్రతిపాదించెను. 2018 ఫిబ్రవరి, మార్చి నెలలలో అరువదికి పైగా విద్యాలయములయందు 14 దినములు సమ్మె జరిగెను. ప్రతిపాదన నిలిచిపోయెను గాని తగవు నిలువలేదు.

2020 మార్చి 31వ తేదీనాటి స్థితిని బట్టి నిధిని మరల లెక్కించిరి. మహమ్మారి భయమున మార్కెట్లు కూలియున్న దినములవి. నిధిలో నున్నది 6,650 కోట్ల పౌనులు. ఉద్యోగుల కిచ్చిన వాగ్దానముల వెల 8,060 కోట్లు. లోటు 1,410 కోట్లు. దీనిని చూపి 2022 ఏప్రిలులో పింఛనును తగ్గించిరి. అంతకుముందు ఒక యేటి కొలువునకు ఆ యేటి జీతములో 75వ వంతు పింఛనుగా జమకట్టబడుచుండగా, దానిని 85వ వంతు చేసిరి. 40,000 పౌనుల జీతగానికి ఒక్క యేటి కొలువువలన వచ్చు వార్షిక పింఛను 533 పౌనుల నుండి 471 కి దిగెను. అంతకు మించిన జీతభాగమునకు నిశ్చితమైన పింఛనే లేకపోయెను.

మూడేండ్లు గడచినవి. 2023 మార్చి 31 నాటి లెక్కలో నిధి 7,310 కోట్లు, వాగ్దానముల వెల 6,570 కోట్లు. మిగులు 740 కోట్లు! 2024 ఏప్రిలులో 75వ వంతు తిరిగి వచ్చెను. ఆ సంవత్సరము జనవరి నుండియే ఉద్యోగుల చందా నూటికి 9.8 నుండి 6.1 కును, యజమానుల చందా 21.6 నుండి 14.5 కును తగ్గెను.

ఇంతలో నేమి జరిగినది? వృద్ధులు తగ్గిరా? అదివరలో నార్జించిన పింఛను లెవరైన వదలుకొనిరా? లేదు. ప్రధానముగా మారినది వడ్డీ. ఇరువదియేండ్ల తరువాత కుమార్తె చదువునకు వేయి రూపాయలు కావలెననుకొందము. వడ్డీ నూటికి ఒకటియైనచో నేడు దాదాపు 820 రూపాయలు దాచవలెను. నాలుగైనచో 456 చాలును. కుమార్తె చదువు మారలేదు, తండ్రి బాధ్యత మారలేదు. మారినది నేటి లెక్కయే. వడ్డీలు అట్టడుగున నున్న దినమున లెక్కకట్టి, చదువే మానుమని కూతురితో చెప్పిన తండ్రిని మనము జాగ్రత్తపరుడందుమా?

అట్లని యజమానుల పక్షమున న్యాయము లేదనుట మా యుద్దేశము కాదు. విద్యాలయము లాభము పంచుకొను కంపెనీ కాదు. దాని సొమ్ము చాలవరకు విద్యార్థుల రుసుములనుండియు, ప్రజాధనమునుండియు వచ్చునది. నూరు పౌనుల జీతమునకు ఇరువదియొకటికి పైగా పింఛనునకు చెల్లించునప్పుడు, క్రొత్త యుపన్యాసకుని నియామకమో, గ్రంథాలయమో, ప్రయోగశాలయో కొంత క్రుంగక తప్పదు. అదియు గాక ఈ నిధి యొక సమష్టి కుటుంబము వంటిది. ఒక సభ్యుడు చితికినచో తక్కినవా రాతని భారము మోయవలెను. 2019లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజి, సంపన్నమైనదయ్యు, ఇతరుల భారము తనపై బడునేమోయని తన వంతు సొమ్ము చెల్లించి వేరుపడెను. చట్టమునకు నది సమ్మతమే. కాని కలిగిన తమ్ముడు వేరుపడినప్పుడు లేని యన్నల యిల్లేమగునో మన కెరుకయే.

కాబట్టి ప్రశ్న యిది: భవిష్యత్తు తెలియరానిది, ఆ తెలియరానితనపు భారమును మోయవలసిన దెవరు? నిశ్చితమైన పింఛను తీసివేసినంతమాత్రమున ఆపద పోదు; అది సంస్థ భుజముపైనుండి ఒంటరి మనుష్యుని భుజముపైకి జారును. వేలమంది కూడి మోయగలదానిని అరువదియైదేండ్ల ముసలివాని నొక్కనిని మోయుమనుట పొదుపు కాదు. మరియు తగ్గింపులు ముందుగా సోకునది క్రొత్తగా చేరిన యువకులకే. పెద్దలు తమ హక్కును కాపాడుకొని, చిన్నలకు తరిగిన విస్తరి వడ్డించుట ఏ యింటను ధర్మమనిపించుకొనదు.

ఇది పరుల కథ మాత్రమే కాదు. మన దేశమున 2004 జనవరి 1 తరువాత కేంద్రప్రభుత్వపు కొలువులో చేరినవారును, ఆంధ్రప్రదేశమున నా సంవత్సరము సెప్టెంబరు 1 తరువాత చేరిన యుద్యోగులును చందా పింఛను పద్ధతిలోనికి వచ్చిరి. ఒకే బడిలో, ఒకే బల్లయొద్ద కూర్చుండు ఇద్దరు ఉపాధ్యాయులకు, చేరిన తేదీ యొక్కటే భేదముగా, రెండు విధములైన ముదుసలితనము లేర్పడినవి.

మాట యెన్నడును మార్చరాదని మేమనము. మార్చుటకు మూడు నియమములు కావలెనందుము. చేసిన పనికి ఇచ్చిన మాట చెక్కుచెదరరాదు. రాబోవు భారమును యజమానియు, ఉద్యోగియు, పెద్దలును, చిన్నలును పంచుకొనవలెను. భయము వట్టిదని తేలినప్పుడు తీసికొన్నది తిరిగి యీయవలెను. బ్రిటనులో కడపటి నియమము చాలవరకు నెరవేరినది, సంతోషము. కాని సమ్మెలలో పోయిన జీతములును, విద్యార్థులు కోల్పోయిన పాఠములును లెక్కపుస్తకములలో మిగులుగా కనబడవు.

ఇక మన వంటయింటి ముసలమ్మ. ఆమెకు సంఘము లేదు, సమ్మె లేదు, లెక్కలుగట్టు గణకులు లేరు. ఆమె పక్షమున లెక్కవేయవలసినది మన మనస్సాక్షియే. పరదేశపు యజమానులను తూచిన త్రాసులోనే మనమును ఎక్కి చూచుకొందము. ఆమె చేతులు వణకకముందే, ఆమె పేర నెలనెలయు నెంత దాచుచున్నాము?