భయము - శ్రావకధర్మము

దయ్యాల కథ బలసముద్రమున చెప్పినను, బళ్ళారిలో చెప్పినను అందలి ప్రశ్న ఒక్కటే: భయపడినవాడు ఏమి చేసెను?

ఉపాసకదశాంగములో ఇట్టి కథలు కలవు. చంపానగర శ్రావకుడు కామదేవుడు వృద్ధికి పెట్టిన ధనమే 6 కోట్లు. పౌషధవ్రతములో నుండగా ఒక దేవుడు పిశాచమై, ఏనుగై, సర్పమై బాధించినను అతడు చలింపలేదు. వారణాసి చులనీపిత కుమారుల వధను కన్నులయెదుట చూచియు ఓర్చెను. తల్లిని చంపెదనని దేవుడు బెదిరింపగానే పట్టుకొనబోయెను. చేత చిక్కినది స్తంభము! ఇంటిలో అందరును క్షేమముగనే యుండిరి. వ్రతభంగమునకు అతడు ప్రాయశ్చిత్తము చేసికొనెను.

మాతృప్రేమ దోషము కాదు. భయము ప్రేమవేషమున వచ్చి, నిజము విచారింపకమునుపే చేయెత్తించుట దోషము. అంగడిలో నష్టభయము తప్పుతూకమునకు, అపకీర్తిభయము అబద్ధమునకు పురికొల్పును. భయము కలుగుట కర్మోదయము. దానికి లోబడుట స్వయంకృతము. చేయెత్తకమునుపు ఎదుట నున్నది శత్రువో, స్తంభమో శ్రావకుడు చూచుకొనవలెను.